అక్క నడుమున సీసపు గుళ్లు

మా పెద్ద తోటికోడలు మొన్న శనివారం తెల్లవారాక పోయింది. ఇరవై ఎనిమిదేళ్లుగా నేను ఆవిడను అక్కా అనే పిలిచాను. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట దగ్గర ఆవిడ గొంతు ఎరగనివాళ్లు లేరు. నా మాట పక్కగదిలోకి కూడా వినపడదు. "నీ వాటా నోరు కూడా దేవుడు నాకే ఇచ్చేసినాడే అమ్మీ" అని నవ్వేది.

చేపను చేత్తో పైకెత్తి బరువు చెప్పేసేది. మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా నర్సు తూచకముందే చెప్పింది. పాపను చూసుకునే ఓపిక నాకు లేని ఆ నెల రోజులూ, చేపల బుట్ట దించి వచ్చి ఆవిడే నాకు వండి పెట్టింది. ఆ రుణం తీర్చుకునే సమయం వచ్చిందనుకున్నాను, ఏడాదిన్నర కిందట ఆవిడకు క్లోమంలో గడ్డ ఉందని తేలినప్పుడు.

గడ్డ కన్నా ముందు నన్ను భయపెట్టింది ఆవిడ చేతులు. నిండు బుట్టను ఒక్క ఊపులో నెత్తికెత్తుకున్న చేతులు నెలల్లో పుల్లలైపోయాయి. తినకపోవడం వల్లే అనుకున్నాను. గుడ్లు, రాగిజావ, చేపల పులుసు, పాలు, గంటకొకటి ముందు పెట్టేదాన్ని. బరువు నిలబడితే సింహాచలం మెట్లన్నీ నడిచి ఎక్కుతానని అప్పన్న స్వామికి మొక్కుకున్నాను. "నీ అప్పన్నబాబు కాడ కూడా కాటా ఉందేటే?" అంది. రెండు ముద్దలకే మొహం తిప్పేసేది. ఒకరోజు కంచం నేలమీద పెట్టి, బతకాలని నీకే లేకపోతే మేమేం చేస్తామన్నాను. ఇన్నేళ్లలో ఆవిడను నేనన్న కటువైన మాట అదొక్కటే.  కంచం దగ్గరికి లాక్కుని తిన్నది. పెరట్లోకి వెళ్లి కక్కుకున్నది.

కీమో ఎక్కించే రోజున ముందు బరువు చూస్తారు. ఆ అంకె కోసం నేను కళ్లు మూసుకుని నిలబడేదాన్ని. మొదట్లో ప్రతిసారీ పడిపోయేది. ఆశ్చర్యం, తర్వాత రెండుసార్లు బరువు తగ్గలేదు. మూడోసారి కూడా నర్సు అంకె రాసుకుని మందు కలిపే గదివైపు వెళ్లింది. నేను లోలోపల స్వామికి దణ్ణం పెట్టుకుంటూ అక్కను బాత్రూముకు నడిపించాను. తూలబోతే నడుము పట్టుకున్నాను. చేతికి గట్టిగా ఏదో తగిలింది.

చీర కింద నడుముకు గుడ్డ సంచీ. సంచీ నిండా సీసపు గుళ్లు, వల నీళ్లలో మునగడానికి అంచుకు కట్టేవి. బావగారు వలలు బాగుచేసే చోట గంపలో ఉంటాయి. చూడటానికి రెండు గుప్పెళ్లే, మూడు కిలోల పైన తూగుతాయి.

అక్క నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతుల్లో అంత బలం ఇంకా ఉందనుకోలేదు.

"సెప్పకే. బరువు తగ్గిందంటే మందు ఆపేత్తారు."

ఆ బరువు చూసే మందు ఎంతో లెక్కగడతారని నర్సు మొదటిరోజే చెప్పింది. చెబితే వైద్యం ఆగుతుందేమో. చెప్పకపోతే ఆ మందే ఆవిడ ఒంటికి మించిపోతుందేమో. పైగా వార్డు నిండా జనం. అందరి ముందూ అక్కను దొంగను చేయాలి. చెయ్యి విడిపించుకుని బయటికి వచ్చాను. గాజు తలుపు అవతల నర్సు సీసా ఎత్తి పట్టుకుని చూస్తోంది.

"ఆపండమ్మా" అన్నాను. నర్సుకు వినపడలేదు. రెండోసారి అరిచాను. వార్డంతా ఇటు తిరిగింది.

మళ్లీ తూచారు. డాక్టరమ్మ అంకె చూసి ఆ రోజుకు మందు వద్దంది. తిట్టలేదు. మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. మామూలుగా పస్తుంటే ఒళ్లు ముందు కొవ్వును వాడుకుని కండను వీలైనంత కాచుకుంటుందట. ఈ జబ్బులో అలా కాదు. గడ్డ నుంచీ, గడ్డతో పోరాడే మన ఒంటినుంచీ పుట్టే రసాయనాలు రక్తంలో తిరుగుతూ కండను కరిగించేస్తాయి. కొత్త కండను కట్టనివ్వవు. పడుకుని ఉన్నా ఒళ్లు ఎక్కువ ఖర్చవుతుంది. అవే మెదడుకు చేరి ఆకలిని చంపేస్తాయి. తిండి కొంత సాయమే గానీ, పోయిన కండ తిండి ఒక్కదానితోనే తిరిగి రాదు.

అక్క అంతా విని, "అంటే బోటు గట్టున కట్టేసున్నా ఇంజను ఆడతానే ఉందన్నమాట" అంది. అదేనంది డాక్టరమ్మ. అక్క తినకపోవడం మొండితనం కాదనీ, నేను పెట్టడంలో లోపమూ లేదనీ చెప్పింది.

ఆటోలో కూర్మన్నపాలెం దాకా అక్క నా వైపు చూడలేదు. కీమో రోజుల్లో ఆస్పత్రికి దగ్గరని అక్కడ మా అమ్మాయి ఇంట్లోనే దిగేవాళ్లం. వైద్యం నేనే పోగొట్టానేమోనన్న భయం నన్ను వదల్లేదు. ఇల్లు దగ్గరపడ్డాక అంది, "మందు కోసరమే కాదే. అంకె పడిపోయినప్పుడల్లా నువ్వు అప్పన్నబాబు పటం ముందు ఏడుత్తన్నావ్. నాను సూడలేకపోయినాను."

మూడు వారాల తర్వాత మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. నేను బలవంతం మానేశాను. అడిగితేనే గంజి, అందులో కాల్చిన ఎండుచేప ముక్క. రెండు చెంచాలు తాగి "సాలే" అంటే, సరే అక్కా అనేదాన్ని. ఆ తర్వాత వచ్చిన ఏడు నెలల్లో మేం తిండి గురించి పోట్లాడలేదు. బరువు నిలబడకపోయినా, ఆ రోజులు ఇచ్చినందుకు, ఆవిడ ఉండగానే మెట్లెక్కి స్వామికి చెప్పుకుని వచ్చాను.

శనివారం మధ్యాహ్నం పాడె ఎత్తారు. మోసినవాళ్లు నలుగురూ హార్బర్ మనుషులు, ఐసు పెట్టెలు ఎత్తేవాళ్లు. అలవాటైన ఊపుతో ఎత్తగానే పాడె భుజాలు దాటి పైకి లేచిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెల్లగా కిందికి దించి భుజాలకు ఆనించుకున్నారు. సందు చివర మలుపు తిరిగేదాకా, నిండు పెట్టె మోస్తున్నట్టు మోకాళ్లు కాస్త వంచి, బరువుగా అడుగులు వేసుకుంటూ వెళ్లారు.