సూదులు వద్దన్న అక్క

వీధి చివర కుట్టు కొట్టు నడిపే ఆవిణ్ణి అందరూ జిప్పులమ్మ అనేవారు. ఎంత మొండికేసిన జిప్పైనా ఆవిడ చేతిలో పడితే దారికొచ్చేది. కానీ నాలుగేళ్లుగా ఆ కొట్టు వారంలో సగం రోజులు మూసే ఉండేది. ఆ రోజుల్లో ఆవిడ అక్కని డయాలసిస్‌కి తీసుకెళ్లేది.

అక్క ఒకప్పుడు బస్ కండక్టరు. తల్లి పోయాక చెల్లెల్నీ తమ్ముణ్ణీ తనే పెంచింది. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, "నా బస్సులో సీట్లు నిండిపోయాయి" అని నవ్వేసేది. చెల్లెలి భర్త పోయినప్పటి నుంచి అక్కాచెల్లెళ్లిద్దరూ కొట్టు వెనక రెండు గదుల్లోనే ఉంటున్నారు.

మొదట్లో రక్తం శుభ్రం చేసే ఆ మిషన్ల గదిలోకి అడుగుపెడుతూనే, "ముందుకు జరగండి, వెనక ఎక్కేవాళ్లున్నారు" అని కేకేసేది అక్క. చేతికి సూదులతో పడుకున్నవాళ్లు కూడా నవ్వేవారు. పోనుపోను ఆ గొంతు తగ్గింది. మిషన్ మీద ఉండగానే బీపీ పడిపోయేది, పిక్కలు పట్టేసేవి. ఇంటికొచ్చి మర్నాటిదాకా లేచేది కాదు. కాస్త తేరుకుని కూర్చునేసరికి మళ్లీ వెళ్లాల్సిన రోజు నెత్తి మీదికొచ్చేది. జిప్పులమ్మ పరిస్థితీ అలాగే ఉండేది. ఆటోలో అక్కని పొదివి పట్టుకున్నప్పుడు, ఎవరు ఎవరికి ఆనుకున్నారో ఆవిడకే తెలిసేది కాదు.

ఒకరోజు సూది గుచ్చే నరం మూసుకుపోయింది. మెడ దగ్గర గొట్టం వేయాలన్నారు, తర్వాత కొత్త నరం సిద్ధం చేయడానికి రెండో చేతికి ఆపరేషన్ అన్నారు. గుండె కూడా బలహీనపడిందట.

అక్క అంతా విని, "డాక్టరమ్మా, ఇవన్నీ చేస్తే లేచి తిరుగుతానా?" అని అడిగింది.

డాక్టరమ్మ నీళ్లు నమల్లేదు. "ఇంకొన్నాళ్లు ఉంటారు. ఇప్పటికంటే బాగుంటారని మాత్రం చెప్పలేను."

"అయితే ఇక చాలు."

జిప్పులమ్మకి ముందు కోపం వచ్చింది. "ఏంటక్కా ఆ మాట? నేనేమైనా విసుక్కున్నానా?"

"నువ్వు కాదే, నేనే విసిగిపోయా."

డాక్టరమ్మ తొందరపడలేదు. ఎవరి బలవంతమైనా ఉందేమోనని, మనసు కుంగి అలా అంటోందేమోనని అక్కతో విడిగా మాట్లాడింది. మర్నాడు మళ్లీ అడిగింది. అదే జవాబు. అప్పుడు ఇద్దర్నీ కూర్చోబెట్టి దాచకుండా చెప్పింది: మిషన్ ఆపితే ఉండేది కొద్దిరోజులే, మగత పెరుగుతుంది, ఆయాసం రావచ్చు, దానికి మందులున్నాయి, నర్సు ఇంటికొస్తుంది. మనసు మారితే వెంటనే రావచ్చు.

సంగతి తెలిసి తమ్ముడు ఆ సాయంత్రమే ఊడిపడ్డాడు. వైద్యం ఖర్చు చాలావరకు అతనిదే. దానికోసం ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు కూడా చేస్తున్నాడు. గుమ్మంలోనే చిన్నక్క మీద విరుచుకుపడ్డాడు.

"నీకు తిరగడం కష్టమైతే చెప్పు, మనిషిని పెడతా. అంతేగానీ చంపేసుకుంటామా?"

జిప్పులమ్మకి తిరగడం నిజంగానే కష్టంగా ఉంది మరి.

"దాన్నెందుకురా అంటావ్?" అంది అక్క మంచం మీంచి. "డబ్బు నువ్విస్తున్నావు, తిప్పలు అది పడుతోంది. సూదులు మాత్రం నాకే గుచ్చుతున్నారు. ఈ ఒక్కటీ నన్ను చెప్పనివ్వు."

"నన్ను పెంచినదానివి. ఊరికే చూస్తూ కూర్చోమంటావా?"

"కూర్చో. నువ్వలా వచ్చి కూర్చుని ఎన్నాళ్లయిందో."

అతను కూర్చోలేదు. వచ్చినవాడు వచ్చినట్టే వెళ్లిపోయాడు.

ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు వెళ్లకుండా ఉన్న ఆ మొదటి పొద్దున, జిప్పులమ్మ ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. లేచాక ఆ హాయికి సిగ్గేసింది. అక్కతో చెబితే, "నాకూ బాగా పట్టిందే నిద్ర. సిగ్గెందుకు?" అంది. డాక్టర్లు చెప్పినట్టు ఇన్నేళ్లూ గుక్కలు కొలుచుకుని తాగిన మనిషి, గ్లాసు నిండా చల్లటి నీళ్లు అడిగింది. ఎక్కువైతే ఆయాసం వస్తుందని నర్సు ముందే చెప్పింది. సగం తాగి, మిగతావి చూస్తూ కూర్చుంది.

తర్వాత మాటలు తగ్గాయి. ఒక మధ్యాహ్నం ఆయాసం ముంచుకొచ్చింది. జిప్పులమ్మ అంబులెన్స్‌ కోసం ఫోన్ అందుకుంది. అక్క ఆవిడ మణికట్టు పట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఆవిడ నర్సుకి ఫోన్ చేసింది. నర్సు వచ్చేలోగా గడిచిన కాసేపు ఆవిడకి ఎప్పటికీ మరపురాలేదు. ఇంజెక్షన్ ఇచ్చాక అక్క సర్దుకుంది. తమ్ముడు వచ్చి పక్కన కూర్చునేసరికి ఆమె మగతలో ఉంది. పిలిస్తే పలకలేదు. మర్నాడు పోయింది.

కొన్ని వారాల తర్వాత తమ్ముడు కొట్టుకొచ్చాడు. "చిన్నక్కా, బాధపడిందా?" అన్నాడు.

లేదని చెప్పడం తేలికే, కానీ ఆవిడ ఉన్నదే చెప్పింది. "ఒక పూట ఊపిరాడక బాధపడిందిరా. మందిచ్చాక నిద్రపోయింది."

"మిషన్ మీదుంటే ఇంకా ఉండేదేమో."

"ఉండేదేమోరా."

వాదిస్తుందనుకున్నట్టున్నాడు, ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడకి వాదించే ఓపిక లేదు. స్టూలు అతని వైపు జరిపింది. ఈసారి అతను కూర్చున్నాడు.