పిడికెడు బియ్యంలో మేత వాసన

ఎసరు మరిగే ప్రతి పూటా మా గిన్నెలోకి గింజ పంపిన తండ్రికి స్తోత్రం. పెళ్ళయి ఈ కొల్లేటి ఊరికి వచ్చిన నాటి నుంచి ఒక్క పూట కూడా నా పొయ్యి వెలగకుండా ఉండనివ్వని దేవునికి మహిమ. ఆయన పంపిన గింజను నేను ముక్కు మూసుకుని అందుకున్న రోజులున్నాయి. ఆ రోజుల్లో కూడా ఆయన పంపడం మానలేదు. అందుకే ముందు ఆయనకు వందనం చెప్పి, తర్వాత నా సంగతి చెబుతాను. నా సంగతంటే, నా నోటి వల్ల ప్రభువు బల్లకు దూరమైన ఒక సోదరి సంగతి.

కైకలూరు దాటాక చేపల చెరువుల మధ్య ఉన్న చిన్న సంఘం మాది. నా భర్త అక్కడ పాస్టరు. మా సంఘంలో పిడికెడు బియ్యం కానుక ఉంది. వంటకు బియ్యం తీసేటప్పుడు ప్రతి ఇల్లాలూ ముందు ఒక పిడికెడు దేవుని పేరున వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా తెచ్చి, మందిరంలో బల్ల పక్కన పెట్టిన బస్తాలో గుమ్మరిస్తుంది. ఆరాధన అయ్యాక ఆ బస్తా మా వంటింటికి వస్తుంది. వినడానికి చాలా బాగుంటుంది. వండేదాన్ని నేను.

ఒకరివి సన్నబియ్యం, ఒకరివి రేషన్ బియ్యం. ఒకరివి కొత్తవి, ఒకరివి ఏడాది పాతవి. ఇంకొకరివి ఇడ్లీ కోసం తెచ్చుకున్న ఉప్పుడు బియ్యం. అన్నీ కలిపి ఎసట్లో పోస్తే ఒక గింజ ముద్దవుతుంది, దాని పక్క గింజ పలుకుగానే ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే బురదలో ఇసక నమిలినట్టుండేది. మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమాస్తా. గుప్పిట్లోకి బియ్యం తీసుకుని, ఒక్కసారి ఊది, వాసన చూసి అవి ఎన్నాళ్ళ బియ్యమో చెప్పేవారు. ఆ ముక్కు నాకు వచ్చింది. చాలాకాలం దాన్ని దేవుడిచ్చిన వరం అనుకున్నాను.

అలాగని ఏదీ పారేసేదాన్ని కాదు. ఐదు రొట్టెలతో వేలమందికి పెట్టిన భోజనం అయ్యాక మిగిలిన ముక్కలు ఏరమని శిష్యులకు చెప్పింది ప్రభువే. ఆదివారం మధ్యాహ్నం చేట, జల్లెడ ముందేసుకుని కూర్చునేదాన్ని. జల్లెడ కిందికి దిగిన నూకలో సగం దిబ్బరొట్టెకు, సగం ఉప్మాకు. పురుగు పట్టినవి ఉప్పునీళ్ళలో పోస్తే పురుగు పైకి తేలుతుంది. ఆ నల్లటి తెట్టును అరచేత్తో తోడి పారబోస్తుంటే వేళ్ళ సందున కాళ్ళు కదిలేవి. ఎన్నిసార్లు చేసినా ఒళ్ళు జలదరించడం మాత్రం పోలేదు. అలా కడిగినవి ఎండబెట్టి మర పట్టిస్తే జంతికల పిండి. మొదటి కడుగు కరివేపాకు మొక్కకు. రెండో కడుగు చేపలు కడగడానికి, దాంతో జిగట వదులుతుంది. వంచిన గంజి పులుసులోకి, అది చిక్కబడడానికి. మిగిలిన అన్నంలో జీలకర్ర, పచ్చిమిరపకాయలు నూరి కలిపి వడియాలు. ఇన్ని చేసినా తినేటప్పుడు ఇది ఎవరింటి డబ్బా అడుగున మిగిలిన చెత్తో అన్న ఆలోచన నన్ను వదిలేది కాదు. ఇంట్లో ఎవరూ తినని బియ్యం దేవుడికి తెచ్చి పోస్తున్నారన్న రోత అన్నంతోపాటు మింగేదాన్ని.

కిందటి ఏడాది వానాకాలంలో బస్తాలో ఒక కొత్త వాసన మొదలైంది. ఎండుచేప, నూనె చెక్క రెండూ కలిపి తడిపి, మూతపెట్టి మగ్గబెడితే వచ్చే వాసన అది. ఒక్క పిడికెడు బస్తా మొత్తానికి పట్టేది. ఐదుసార్లు కడిగాను. వేపాకు వేసి ఎండలో పోశాను. నిమ్మకాయ పిండి పులిహోర కలిపాను. ముందు పులుపు తగిలింది, దాని వెనకే వాసన వచ్చింది. లేచి పెరట్లోకి వెళ్ళి, ముద్ద ఉమ్మేసి వచ్చాను. నా భర్త ప్రశాంతంగా తింటున్నారు.

"ఏవండీ, మీకేం తెలియట్లేదా?" అన్నాను.

"తెలుస్తోంది. ఉప్పు తగ్గింది," అన్నారు.

మరుసటి ఆదివారం బల్ల దగ్గర చాప సర్దే వంకతో బస్తా పక్కనే నిలబడ్డాను. ఒక్కొక్కరూ వచ్చి డబ్బా గుమ్మరిస్తుంటే ఒక్కొక్కదాన్నీ వాసన చూశాను. పచ్చమూత డబ్బా దగ్గర దొరికింది. అది చెరువు గట్టు మీద ఉండే సోదరిది. ఆమె భర్త ఒక చేపల చెరువుకు కాపలా ఉంటాడు, ఆమె అక్కడే మేత సంచులు మోస్తుంది. బాప్తిస్మం తీసుకుని ఏడాది కాలేదు. గట్టు మీద నుంచి చాలా దూరం నడిచి వచ్చి, వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. ఒక్క ఆదివారం కూడా తప్పేది కాదు.

ఆరాధన అయ్యాక స్త్రీల కూడిక. ఆ రోజు వాక్యం చెప్పే వంతు నాది. గుడ్డి పశువునూ కుంటి పశువునూ బలికి తెచ్చినప్పుడు ప్రవక్త ఎలా మండిపడ్డాడో చెప్పాను. చెప్పి కూర్చుంటే సరిపోయేది.

"కోళ్ళు మూతి తిప్పుకునే బియ్యం దేవుడికి తెస్తున్నారమ్మా మనలో కొందరు. చేపల మేత కంపు. దేవుడేమన్నా మీ చెరువులో చేపా?" అన్నాను.

అందరూ నవ్వారు. సంఘ పెద్ద భార్య తల వెనక్కి తిప్పి, "మేత కంపంటే గట్టు మీదోళ్ళేనండి అమ్మగారు. మా ఇళ్ళల్లో ఎందుకుంటదండి," అంది. వెనక గోడ దగ్గర ఆ సోదరి ఖాళీ డబ్బాను పైట కొంగు కిందికి లాక్కుంది. అది నేను చూశాను. చూసి కూడా ముగింపు ప్రార్థన చేశాను.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ వారం బస్తాలో వాసన లేదు. నాకు సంతోషం వేసింది. ఇది రాస్తుంటే చేతికి ఏదో అంటుకున్నట్టుంది, కానీ నిజం అదే. ఒక మనిషి మందిరానికి రాకపోతే నా అన్నం బాగుందని సంతోషపడ్డాను.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే ప్రభువు పేరున అందరం రొట్టె, రసం పంచుకునే రోజు. ద్రాక్షరసం చిన్న గిన్నెల్లో పోసేది నేనే. అందరూ తీసుకున్నాక పళ్ళెంలో ఒక గిన్నె మిగిలింది. ఇంటికొచ్చాక నా భర్త అడిగారు, "గట్టు మీది చెల్లెమ్మ ఇన్ని వారాలు రాలేదేంటి? ఒంట్లో బాగోలేదా?"

జరిగింది చెప్పాను. ఆయన బైబిలు తెచ్చి నా ముందు పెట్టారు. తర్వాత, "గుడ్డి పశువుల మాట ప్రవక్త ఎవరితో అన్నాడో చూశావా?" అన్నారు.

మళ్ళీ తీసి చదివాను. చిన్నప్పటి నుంచి కంఠస్థం ఉన్న భాగమే. అది జనంతో అన్న మాట కాదు, యాజకులతో, అంటే ఆ బలులు అర్పించేవాళ్ళతో అన్నది. బల్ల మీది భోజనం నీచమైనదన్నది యాజకులే. ఆ బల్ల దగ్గర బస్తా పక్కన నిలబడి ముక్కు చిట్లించింది నేను.

సోమవారం పొద్దున్నే వెళ్ళాను. రోడ్డు దాకా ఆటో, అక్కడి నుంచి గట్టు మీద నడక. రెండు వైపులా చెరువులు. గాలి నిండా అదే వాసన. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవాలనిపించి, చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆమె పాక ముందు కూర్చుని చేపలు కడుగుతోంది. నన్ను చూసి లేచి, తడిచేతులు వెనక దాచుకుంది.

"వందనాలండి అమ్మగారు. ఇంత దూరం మీరు రావడం ఏంటండీ. కబురెడితే నేనే వద్దును కదండీ," అని కుర్చీ తుడిచి వేసింది.

లోపల దూలానికి ఇనపతీగతో ఒక సంచి వేలాడుతోంది. దాని మీద పెద్ద చేప బొమ్మ. మేత సంచి.

"బియ్యం ఇందులోనా పోస్తున్నావు?" అన్నాను.

"అవునండి. గోనె సంచైతే ఎలకలు కొరికేత్తన్నాయండి. దీనికైతే లోపల ప్లాస్టిక్ ఉంటది, చెమ్మ తగలదు. మూడుసార్లు సబ్బెట్టి ఉతికి, తిరగేసి ఆరబెట్టానండి. వాసన మాకు తెలీదండి. రోజూ అందులోనే ఉంటాం కదండీ."

"మరి దేవుడి బియ్యం?"

"అయ్యీ ఇందులోయేనండి. ముందాయనకి తీసి, తర్వాత మాకు. రెండు సంచులు ఎక్కడున్నాయండి మాకు?"

నేను ఇన్నాళ్ళూ చెత్త అనుకున్నది వాళ్ళు తినే అన్నమే. ఎవరూ తినని బియ్యం ఆమె నాకు ఇవ్వలేదు. తన ఇంటికి వండుకునే దానిలో మొదటి పిడికెడు ఇచ్చింది.

"మందిరానికెందుకు రావట్లేదు?" అన్నాను.

"చేతులూపుకుంటా ఎలా వత్తానండి. డబ్బా తెత్తే అందరికీ కంపు, తేకపోతే నాకు తలవంపు." అని నవ్వింది. "మీరన్న మాట మా ఆయనకి చెప్పేనండి, దేవుడు మన చెరువులో చేపంట అని. అయితే మేత బాగానే తింటాడులే అన్నాడండి."

నాకు నవ్వు రాలేదు. తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆమె ఆ మాట విననట్టే, "భోంచేసి వెళ్దురుగాని," అని లోపలికి వెళ్ళింది.

చెరువులో వలలేసి చేపలు తీసే పట్టుబడి రోజున పనివాళ్ళకిచ్చిన రకరకాల చేపలవి. నేను చేసే పనులే ఆమె కూడా చేసింది. బియ్యం కడుగుతో చేపలు కడిగింది, తలకాయలు, గుడ్ల జన, కొవ్వు ఏదీ వదలకుండా పులుసులో వేసింది, గంజి పోసి చిక్కబరిచింది. కంచంలో అన్నం పెట్టగానే ఆవిరితోపాటు ఆ వాసన మొహానికి కొట్టింది. దేవుడు ఆ పూట నా ముక్కు మారుస్తాడనుకున్నాను. మార్చలేదు. ముద్ద గొంతు దగ్గర ఆగింది. ఆమె నా మొహం చూస్తోంది. నీళ్ళు తాగి మింగాను. మూడు ముద్దలు తిని, పొద్దున ఆలస్యంగా తిన్నానని అబద్ధం చెప్పి చేయి కడుక్కున్నాను. తిరిగొచ్చే దారిలో నా మీద నాకే కంపరం వేసింది.

ఇంట్లో మా నాన్నగారు మిల్లు నుంచి తెచ్చిన రేకు డబ్బా ఉంది. మూత బిగిస్తే చీమ దూరదు. బియ్యం అందులో పోసుకోమని ఆమెకు కబురు చెప్పి ఆటోలో పంపించాను. ఎలక కొరకదు, చెమ్మ తగలదు, వాసన పట్టదు, ఆమె మందిరానికి వస్తుంది. చేసిన తప్పును ఒక డబ్బాతో సర్దేశాననుకున్నాను.

ఆదివారం ఆమె వచ్చింది. వెనక గోడ దగ్గర కూర్చుంది. నా భర్త పాట మధ్యలో నా వైపు చూశారు. కానుకలప్పుడు పచ్చమూత డబ్బా బస్తాలో గుమ్మరించింది. తెల్లటి సన్నబియ్యం. ఒక్క నూక లేదు. మా నాన్నగారు చూస్తే మెచ్చుకునే బియ్యం.

బయట ఆమెను పట్టుకుని, "డబ్బా పనికొచ్చిందన్నమాట," అన్నాను.

"చాలా పనికొచ్చిందండి అమ్మగారు. దేవుడి బియ్యం అందులో పోశానండి. కైకలూరులో సన్నబియ్యం కొన్నాను, ఆయనకి మట్టుకే. మాయి సంచిలోనే ఉన్నాయండి."

"అలా ఎందుకమ్మా? మీరు తినేవే అందులో పోసుకోమన్నాను. అవే పిడికెడు తీసుకురా, చాలు."

"మళ్ళీ ఆ కంపు మీకెందుకులెండి," అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

పక్కనే చెప్పులు వేసుకుంటున్న సంఘ పెద్ద భార్య, "చూశారా అమ్మగారు, మీరు ఒక్క మాట అంటే ఎలా దారికొచ్చిందో," అంది.

తర్వాతి కూడికలో అందరి ముందూ నిలబడి, నేనన్నది తప్పు, ఆ బియ్యం ఆ ఇంటి అన్నంలో మొదటి పిడికెడు అని చెప్పాను. వెనక్కి చూసి క్షమించమన్నాను. ఆమె తల వంచుకుంది. మిగతావాళ్ళు మాత్రం అమ్మగారు ఎంత తగ్గించుకున్నారో అని ఇంటికి వెళ్ళేదాకా మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు పురుగుల తెట్టు కన్నా రోత పుట్టించింది.

ఇప్పటికీ ఆమె ఆ సన్నబియ్యమే తెస్తోంది. నేనే వాటిని బస్తాలో కలవనివ్వకుండా వేరే గిన్నెలో పట్టి వండుతున్నాను. మల్లెమొగ్గల్లా పొడిపొడిగా వస్తాయి. పెళ్ళయిన నాటి నుంచి నేను కోరుకున్న అన్నం అదే. మొదటి ముద్దకే నాకు గట్టు మీది పాక, దూలానికి వేలాడే సంచి గుర్తొస్తాయి. ఒకప్పుడు ఆ ఇంట్లో దేవుడూ మనుషులూ ఒకే సంచిలోది తినేవారు. ఇప్పుడు ఆయనకొకటి, వాళ్ళకొకటి. ఆ రెండో సంచి పెట్టించింది నేను. ఆ ముద్ద కూడా గొంతు దగ్గరే ఆగుతోంది. ఆమె మందిరానికైతే వచ్చింది, కానీ తన అన్నాన్ని బయటే వదిలి వచ్చింది.

చదివే అక్కలారా, అన్నలారా, నా ఒక్కదాని ప్రార్థన చాలడం లేదు. ఈ పూట మీ ఇంట్లో బియ్యం తీసేటప్పుడు, ఆ గింజలు చేతిలో ఉండగానే నాతో కలిసి అడగండి. తండ్రీ, గట్టు మీది మా సోదరి మనసులో నా మాట చేసిన గాయం మాన్పు. ఆమె సంచిలోని పిడికెడు మళ్ళీ నీ బల్ల దగ్గరికి రానివ్వు. అది వచ్చిన రోజున, వాసనతో సహా, అడుగు మాడు దాకా తినగలిగే నోరు నాకివ్వు. మీరు కూడా ఆమెన్ అనండి.