గోడకు అటూ ఇటూ ఒకే పగులు

ఇది ఇప్పుడే రాసిపెట్టాలి. నాలుగు వానలు పడితే నీళ్ల బాధ ఎవరికీ గుర్తుండదు, మా రెండిళ్లకు జరిగింది కూడా అందులోనే కొట్టుకుపోతుంది.

నేను పెద్ద చదువులు చదవలేదు. సీతాఫల్‌మండిలో మా వాడ గ్రంథాలయంలో కూర్చుని, నేల గురించిన పుస్తకాలు ఒక్కొక్కటే చదివి అర్థం చేసుకున్నాను. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వమే. మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. పైన మెత్తబడిన పొరలో కొంత, కింద రాతి పగుళ్లలో కొంత, అంతే నీరు. పగులు తగలకపోతే ఎంత లోతు బోరు వేసినా రాతిపొడే వస్తుంది.

మా ఆవిడ ఇడ్లీ, దోసె పిండి రుబ్బి టిఫిన్ బండ్లకు ఇస్తుంది. ఇల్లు గడిచేది దానితోనే. ఈ ఎండాకాలం మొదట్లోనే మా బోరు ఎండిపోయింది. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఇక కొత్త బోరే దిక్కు అనుకున్నాం.

బోరుకు నీళ్ల పాయింటు చూసే ఆయన కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని ఇంటిచుట్టూ నడిచాడు. కాయ ఈశాన్య మూలలో లేచి నిలబడింది. మా వాడలో ఏ కాయా ఇంతవరకు వాస్తు దాటలేదు. ఆ మూల గోడకు అవతలే, మేమంతా చాచీ అని పిలిచే పక్కింటి పెద్దావిడ బోరు. ఆమెకు ఆ ఇల్లు, పైన అద్దెకున్నవాళ్లే ఆధారం.

"అక్కడొద్దు, చాచీ బోరుకు మరీ దగ్గర" అన్నాను.

"మరి నైరుతిల వేస్తవా? నీ పుస్తకాలల్ల నీళ్లుంటే తే, పప్పు నానబోస్త" అంది మా ఆవిడ.

బోరు బండి వచ్చింది. చాలాసేపు తెల్లటి దుమ్ము తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి చాచీ గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏందయ్యా, మా బోరు బుస కొడ్తుంది? బురద నీళ్లు ఎగజిమ్ముతున్నయ్."

"పగులు దొరికింది అన్నా" అన్నాడు బండి డ్రైవర్ సంబరంగా. మేము లోపలికి కొట్టిన గాలి ఆమె బోరులో తేలింది. ఒకే పగులు. మేము తోడేది ఆమె నీళ్లే. అదే మా ఆవిడకు చెప్పాను. ఆమె గోడ దగ్గరికి వెళ్లింది.

"చాచీ, ఆపమంటే ఆపిస్త. పిండి బందు పెడ్త."

"బందు పెట్టి ఏం తింటవ్ బేటీ? వేసుకో. మా డ్రమ్ముకు ఒక పైపు ఇయ్యి, చాలు."

పైపు ఇచ్చాం. పిండి మళ్లీ షురూ అయింది. ఎండలు ముదిరేసరికి చాచీ మోటారు గాలి పీల్చింది. ఆ తర్వాత మాది. నానబోసిన పప్పు కడగడానికి నీళ్లు లేక పులిసి వాసనొస్తే పారబోశాం. బండ్లవాళ్లు వేరేచోట పిండి చూసుకున్నారు. చాచీ ఇంట్లో అద్దెవాళ్లు సామాను సర్దుకుంటున్నారు. వాన లోపలికి ఇంకితేనే పగులు నిండుతుందని చదివాను. మా గల్లీ అంతా సిమెంటు. మూడో ఇంటి ముందు ఇప్పుడు బోరు బండి ఆగి ఉంది. వద్దని చెప్పబోతే తలుపు వేసుకున్నారు.

సాయం చేసినవాళ్ల పేర్లు రాయను, వాడకు తెలుసు. మూసే వేళ దాటినా లైటు ఆర్పని గ్రంథాలయం అక్కకు, నేను అడిగినప్పుడల్లా రాతిపొడి చేతిలో పోసి చూపించిన డ్రైవర్‌కు కృతజ్ఞతలు. చాచీకి కూడా. నిన్న ట్యాంకర్ దగ్గర ఆమెకు దొరికినవి రెండు బిందెలు. ఒకటి మా గడప ముందు దించి, తలుపు తట్టకుండానే వెళ్లిపోయింది.