నేతిగిన్నెలో వచ్చిన ప్రాణం

ఆ రోజుల్లో మా చీపురుపల్లిలో ఎవరింటికైనా ముగ్గురు కొత్తవాళ్లు ఒకేసారి వస్తే, వీధి వీధంతా తలుపు సందుల్లోంచి చూసేది. అరవైల చివరి సంవత్సరాలు మరి, కొండల్లో నక్సలైట్ల గొడవలు, మా జిల్లాలో కాలం అలాంటిది. పోలీసులకు ఊరివాళ్ల మీద అనుమానం, ఊరివాళ్లకు పొరుగూరివాళ్ల మీద అనుమానం, మా అమ్మకు అందరి మీదా అనుమానం. పాలుపోసేవాడి ఎదుటే పాలల్లో వేలు ముంచి చూసేది. నేను ఆఫీసు నుంచి కాస్త ఆలస్యంగా వస్తే చొక్కా వాసన చూసేది (సిగరెట్టు కోసం. దొరికేది మాత్రం ఇంజనాయిలు వాసన). అటువంటి కాలంలో, అటువంటి ఇంట్లో, పాత మోటారు సైకిళ్ల వాళ్లందరినీ పిలిచి సభ పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది.

కారణం మా వసారాలోనే ఉండేది. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో మా పెదనాన్నగారి అల్లుడు నాకొక మిలిటరీ మోటారు సైకిలు అంటగట్టాడు. యుద్ధం అయిపోయాక విశాఖపట్నంలో వేలం వేసిన సరుకు. నా దగ్గరికి వచ్చేసరికి దానికి రెండు చక్రాలూ, ఒక ట్యాంకూ, బోలెడంత చరిత్రా ఉన్నాయి. ప్రాణం మాత్రం లేదు. ఎంత తన్నినా పలికేది కాదు. మా అమ్మ దాని హ్యాండిలు మీద మసిగుడ్డలు ఆరేసేది, ట్యాంకు మీద వడియాల చేట పెట్టేది. చివరికి ఒకరోజు పాతసామాన్లు కొనేవాడితో మాట్లాడేసుకుంది. “సోమారం పొద్దున్నొచ్చి పట్టుకెల్లిపోతాడు. ఆదారం సాయంత్రం లోపల ఇది మోగి, నువ్వు దాని మీద ఈది సివర దాకా ఎల్లొస్తే ఉంచుతాను. నేకపోతే నేదు,” అంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఒక్కసారైనా దానిమీద స్టేషను రోడ్డులో తిరగకుండానే తూకానికి వేసేస్తారంటే నిజంగానే తట్టుకోలేకపోయాను.

పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. పాతపట్నంలో చింతపండు వ్యాపారం చేసే మావ (వయసుతో పనిలేకుండా అందరికీ మావే), కోటబొమ్మాళి మిల్లు బావ, విజయనగరం డ్రిల్లు మాస్టారు. ఆదివారం మా ఇంట్లో భోజనం, ఆ తర్వాత బండ్ల గురించి మాట్లాడుకుందాం అని ముగ్గురికీ కబురు పెట్టాను. మూడు బండ్లూ ఒకదాని వెనక ఒకటి మా వీధిలోకి దిగేసరికి కోళ్లు గోడలెక్కాయి. ఎదురింటావిడ తలుపు వారగా వేసి, “ఏటప్పా, పోలీసులేటి?” అని మా అమ్మను అడిగింది (మావైపు అక్కను అప్ప అంటారు). “కాదే, మావోడి స్నేయితులు. పోలీసులైతే నయిమే, ఏటి కావాలో సెప్పి మరీ పట్టుకెల్తారు,” అంది మా అమ్మ.

లోపలికి రమ్మంటే ఒక్కరూ కదలరు. “నువ్వు పద బావా, నానొస్తాను,” అంటాడు మావ. “నువ్వు పద మావా, నా సేతులకి మట్టుంది,” అంటాడు బావ. మాస్టారు ఇద్దరినీ ముందు పంపించి, తన బండి దగ్గర వంగుని బూటు లేసులు కట్టుకుంటూ కూచున్నారు. ఆయన వచ్చాక బావ ఏదో మరిచిపోయానని వెళ్లాడు, బావ వచ్చాక మావ వెళ్లాడు. బండ్ల మీద ఎంత ప్రేమో అని నేను మురిసిపోయాను.

ముందుగా మాస్టారు, యంత్రాలున్నవాళ్లమంతా ఒక్క కుటుంబమనీ, ఒకరి కష్టం అందరిదనీ చెప్పారు. అందరం తలలూపాం. ఆ తర్వాత ముగ్గురూ నా బండి చుట్టూ చేరి, తట్టి, ఊది, వాసన చూసి, చివరికి ప్లగ్గు ఊడదీశారు. పింగాణీ నిలువునా చిట్లిపోయి ఉంది. “ఇదే రోగం. మంచి ప్లగ్గు బిగిస్తే నిమిషంలో మోగుతుంది,” అన్నారు మాస్టారు. ఆ పాత బండ్లకు సరిపోయే ప్లగ్గు దొరకడం అప్పట్లో గగనం. విశాఖపట్నం అంతా గాలించినా నాకు దొరకలేదు. అందుకని, “మీ బండిది ఒక్కసారి ఇస్తే, బిగించి చూసి ఇచ్చేస్తాను,” అని ముగ్గురి మొహాలూ చూశాను. కుటుంబం తలా ఒక అడుగు వెనక్కి వేసింది. “నాది సైజు వేరు బాబూ,” అన్నాడు మావ. “నాది ఇప్పితే మరి బిగవదు,” అన్నాడు బావ. “ఇంజను వేడి మీద ఉంది, ఇప్పుడు విప్పకూడదు,” అన్నారు మాస్టారు. అలా అంటూనే ముగ్గురూ ఎందుకో తమ జేబులు తడుముకున్నారు.

భోజనాల దగ్గర అసలు గొడవ మొదలైంది. పప్పు వడ్డించాక మా అమ్మ నేతిగిన్నె కోసం లోపలికి వెళ్లింది. పుట్టింటివాళ్లు బుడితిలో చేయించి ఇచ్చిన చిన్న కంచుగిన్నె అది. ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు చేతిలో గిన్నె లేదు, గరిటెతోనే నెయ్యి వేసింది. వేస్తూ మావ చొక్కాజేబు ఉబ్బు చూసింది, బావ రొంటిన ఉన్న మూట చూసింది, మాస్టారి ఖాకీ నిక్కరు జేబు బరువుగా వేలాడటం చూసింది. మజ్జిగ దాకా మర్యాదగా వడ్డించింది. వాళ్లు చేతులు కడుక్కుని వచ్చేసరికి మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“తిన్నంతసేపూ నానేటీ అన్నేదు. ఇప్పుడు జేబుల్లో ఏటున్నాయో ఒకపాలి ఈ సాప మీద పెట్టీసి ఎల్లండి బాబూ,” అంది.

భూమి చీలితే దూరిపోదామనిపించింది. “అమ్మా,” అన్నాను. “నువ్వూరుకోరా,” అంది. మావ నిట్టూర్చి జేబులోంచి గుడ్డముక్క తీసి విప్పాడు. ప్లగ్గు. బావ రొంటి విప్పాడు. ప్లగ్గు. మాస్టారు అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎర్రగా, తన ప్లగ్గు తీసి చాప మీద పెట్టారు. నిక్కరు జేబు కాస్త కాలి ఉంది కూడా. ఒకడు లోపల తింటుంటే ఇంకొకడు బండి ఎక్కి పోతాడేమోనని ఎవరి ప్లగ్గు వారు ఊడదీసుకుని వచ్చారన్నమాట. మా అమ్మ నమ్మలేదు. మావ జేబులో ఇంకా ఏదో ఉందని చూపించింది. అది రెండో ప్లగ్గు. “ఒకటి బండికి, ఇంకోటి అనుమానానికి అప్పా,” అన్నాడు మావ తల దించుకుని.

ముందు బావ నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం, మా అమ్మ తప్ప. “ఇంక దాసుకోడానికేటున్నాది. పట్రా ఇలాగ,” అని మావ ఆ అనుమానపు ప్లగ్గు నా బండికి బిగించాడు. తన్నాను. ఒక్కసారి దగ్గి, పొగ కక్కి, వసారా అదిరిపోయేలా మోగింది. నా ఒళ్లు పులకరించింది. ఎక్కబోతుంటే మావ ఆపేశాడు. “సూసినాం కదా, మోగుతాది,” అని, వేడి ప్లగ్గును గుడ్డతో పట్టుకుని ఊడదీసి, ఊదుకుంటూ జేబులో వేసుకున్నాడు. అందరూ ఎవరి ప్లగ్గులు వారు బిగించుకుని వెళ్లిపోయారు. “ఈది సివరికి ఎల్లనేదు కదా,” అంది మా అమ్మ. నేను ఆ సాయంత్రమంతా వసారాలో బండి పక్కనే కూచున్నాను.

మర్నాడు పొద్దున్నే, అంబలి కాయడానికి మా అమ్మ చోడిపిండి డబ్బాలో చెయ్యి పెట్టింది. పెట్టి అలాగే ఉండిపోయింది. బయటికి తీసిన చేతిలో ఒళ్లంతా పిండి పూసుకుని నేతిగిన్నె. ఆదివారం తెల్లారగట్ల, వచ్చేవాళ్లు ఎత్తుకుపోతారేమోనని తనే దాచి మరిచిపోయింది. మా ఇద్దరి చూపులూ కలిశాయి. సరిగ్గా అప్పుడే పాతసామాన్లవాడు గుమ్మంలో తక్కెడ దించాడు. “పైవారం రా,” అంది వాడితో, నా వైపు చూడకుండా.

క్షమించమని అడగడం మా అమ్మకు రాదు. ఆ గిన్నె తోమి, నిండా కొత్త నెయ్యి పోసి, మూతికి గుడ్డ కట్టి, పాతపట్నం బస్సు కండక్టరు చేతికిచ్చి మావకు పంపించింది. ఆ వారంలోనే గిన్నె తిరిగొచ్చింది. గుడ్డ విప్పితే లోపల చింతపండు, చింతపండు మధ్యలో కాగితంలో చుట్టిన ప్లగ్గు. “ఉత్తి గిన్నె తిరిగంపకూడదని ఆడికీ తెలుసు,” అంది మా అమ్మ. ఆ గొంతు అంత మెత్తగా వినడం నాకదే మొదటిసారి. వీధి చివర దాకా కాదు, స్టేషను దాకా వెళ్లొచ్చాను. వెనక సీటు మీద, నన్ను రెండు చేతులా గట్టిగా పట్టుకుని (పడేస్తానని అనుమానం), మా అమ్మ.

అప్పటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆవిడ నా చెవిలో అడిగే మాట ఒకటే: “ఒరే, పెలగ్గు తీసేవా?” ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. బండి ఇంకా వసారాలోనే ఉంది. దాన్ని ఎత్తుకుపోవాలనే ఆశ ఇప్పుడు ఎవరికీ లేదు. మొన్న కరెంటు మీటరు చూడటానికి వచ్చిన కుర్రాడు దాని సీటు మీద సంచీ పెట్టుకుని, దానివైపు చూడకుండానే వెళ్లిపోయాడు. వాడు వెళ్లాక చూసుకుంటే, గుడ్డలో చుట్టిన ప్లగ్గు నా చొక్కా జేబులో ఉంది. ఎప్పుడు ఊడదీశానో నాకే గుర్తులేదు. తీశానమ్మా, అని మాత్రం పైకే అన్నాను.