పొట్టు మరిచిన లెక్క

పోయినవి ముందు చెప్తాను. ఇరవై కేజీల కొర్రల్లో పన్నెండు కేజీలు పొట్టుగా, తవుడుగా పోయాయి. మిల్లుకు నూరు పోయింది, బస్సుకూ మూటకూ తొంభై పోయింది. ఒక ఆదివారం పోయింది. లెక్కలో గట్టివాడినని ఇంట్లో ఉన్న పేరు కూడా వాటితోనే పోయింది.

నా భార్యకు షుగర్ బయటపడినప్పుడు జమ్మలమడుగులో డాక్టరు మూడు నెలలు గడువిచ్చాడు. తెల్లన్నం తగ్గించి కొర్రన్నం తినాలి, రోజూ నడవాలి. అప్పటికీ దిగకపోతే ఇన్సులిన్. ఆమెకు సూదంటే చిన్నప్పటి నుంచీ హడలు.

ప్రొద్దుటూరు అంగట్లో కొర్రబియ్యం కేజీ నూరు. పక్క బస్తాలో పొట్టు తీయని కొర్రలు నలభై. ఇరవై కేజీలు తూయించాను. పన్నెండు వందలు మిగిలాయని బస్సులో దారి పొడవునా నాలో నేనే నవ్వుకున్నాను.

వడ్ల మిల్లులో ఆడిస్తే సన్నగింజ నలిగి తవుడులో కలిసిపోయి, ఎనిమిది కేజీలే చేతికొచ్చాయి. ఖర్చంతా కలిపి భాగిస్తే కేజీ దగ్గర దగ్గర నూట ఇరవై నాలుగు పడింది.

“పొట్టు కూడా వండి పెడతాననుకుంటివా?” అని నా భార్య కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

నెలన్నరకే డబ్బా అడుగు కనిపించింది. మందులకూ పరీక్షలకూ పోగా ఆ నెల చేతిలో ఏమీ లేదు. ఊరి చివర ఉండే ఒక అవ్వ తన రెండెకరాల్లో కొర్ర వేసి, విసుర్రాయి మీద తానే పొట్టు తీసుకునే మనిషి. రోజూ ఆమె ఇంటిదాకా నడిచిపోయే నా భార్య నోట సంగతి విని నన్ను పిలిచింది.

“ఏమప్పా, ప్రొద్దుటూరు దాకా పోతివంట. నా గడప కనపళ్లేదా?”

ఆరు శేర్ల కొర్రబియ్యం చేబదులిచ్చింది. ప్రతి శేరూ అంచు దాటి కుప్పగా పోసింది.

గడువు నాటికి షుగర్ దిగింది. “సూది అక్కర్లేదమ్మా” అని డాక్టరు అనగానే నా భార్య ఆసుపత్రి మెట్లు రెండేసి చొప్పున దిగింది.

చేతిలో డబ్బు ఆడగానే కొర్రబియ్యం కొని అవ్వ శేరుతోనే కొలిచాను. నాకు శేరంటే శేరే. ప్రతిసారీ అరచేత్తో అంచుకు సమంగా తుడిచి పోశాను.

“ఏందప్పా, నేను కుప్ప పోసిస్తే నువ్వు తల కొట్టి ఇస్తాండావు? శానా పిసినారివే!”

“తక్కువైనదానికి దుడ్లిస్తా అవ్వా.”

“దుడ్లు ఎవురిక్కావాల? గింజ తీసుకుంటే గింజే ఇయ్యాల.”

ఆమె శేరు అడిగి ఇంటికి తెచ్చి, అంచు పైన నిలిచే ఒక కుప్ప తూచి చూశాను. తొంభై గ్రాములు. ఆరు కుప్పలకు సరిపడా సంచిలో పోసుకుని బయల్దేరితే నా భార్య గుమ్మంలో అడ్డం నిలబడింది.

“ఉండనీ. ఆర్నెల్లకు మళ్లీ పరీక్ష ఉంది. బాకీ తీర్చేస్తే ఆమె గడప తొక్కే పని మనకేముంటాది? రోజూ ఆమె ఇంటిదాకా నడిచే కదా నాకు షుగర్ దిగింది!”

ఆ సంచిలోదీ మేమే వండుకున్నాం. అవ్వకు ఈ రోజుకీ ఐదు వందల నలభై గ్రాములు బాకీ.