విచారణ కౌంటర్లో అక్క

చిన్న విమానాశ్రయంలో విచారణ కౌంటర్ ఆవిడను అందరూ అక్కా అనే పిలుస్తారు. పొరుగు పట్నానికి ఎంతసేపని ఎవరడిగినా, జారే కళ్లజోడు పైకి నెట్టుకుని, "నలభై నిమిషాలండీ, ఇలా ఎక్కి అలా దిగుతారు" అంటుంది. ఆ పట్నంలోనే ఆవిడ చెల్లెలుంది. అమ్మ పోయినప్పుడు మాటామాటా అనుకున్నాక ఇద్దరికీ మాటల్లేవు. అటునుంచి విమానం వచ్చినప్పుడల్లా అక్క చూపు తలుపు మీదే ఉంటుంది.

నిన్న ఒక ముసలావిడ, "మా చెల్లిని చూడ్డానికి వెళ్తున్నానమ్మా" అంది.

"ఆవిడ రమ్మందా?" అనేసి అక్క నాలిక్కరుచుకుంది.

"రమ్మనేదేమిటి, అది నా చెల్లెలు."

ఆ విమానం వెళ్లిపోయాక అక్క కౌంటర్ మూసి, టికెట్ల వరసలో నిలబడింది.

"ఎవరికక్కా?" అన్నాడు టికెట్లిచ్చే అతను.

"నాకే."

"తిరుగు టికెట్ కూడానా?"

అక్క కళ్లజోడు పైకి నెట్టుకుంది. "మా చెల్లి పంపినప్పుడు తీసుకుంటాలే."