పడవలకే కట్టుబాటు

ఆ రోజు పదింటికి కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక ఆఫీసులో నాకు ఇంటర్వ్యూ. ఏడున్నర బస్సు తప్పితే అందుకోలేను. సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని గడప దాటబోతుంటే, పక్కింటి ముసలమ్మ పోయిందని కబురొచ్చింది.

మాది చేపల వేట మీద బతికే ఊరు. ఊళ్ళో చావు జరిగితే శవం లేచేదాకా ఒక్క పడవా నీళ్ళలోకి దిగదు. అమ్మ నా చేతిలోని ఫైలు తీసుకుని బీరువా మీద పెట్టింది.

"కట్టుబాటు గదే. ఇప్పుడు పోతే ఊరేమనుకుంటది?"

"పెద్దాయన్ని ఒక మాట అడుగుదామా?"

"నువ్వే పోయి అడుగు."

ఊరిపెద్ద ఇరవై అడుగుల దూరంలో, చావింటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ మగవాళ్ళు. రెండుసార్లు గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఈలోగా బస్సు హారన్ వినిపించి, దూరమైపోయింది.

కట్టుబాట్లు బిగువుగా ఉన్న దేశంలో జనం సుఖంగా ఉంటారా, వదులుగా ఉన్నచోటనా అన్న ప్రశ్న లైబ్రరీ పుస్తకంలో ఎక్కడో చదివాను. నాకు తెలియదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాన్న పడవ తిరిగి రాకపోతే, ఊరిపెద్ద మాట మీద పడవలన్నీ వేట మానుకుని రెండు రోజులు వెతికాయి. నాన్నను ప్రాణాలతో తెచ్చాయి. ఈ ఊరి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు మొహం చెల్లదు. నేను చదువుకున్న నెల్లూరు హాస్టల్లో ఎప్పుడు పోయినా, ఎప్పుడు వచ్చినా అడిగేవాళ్ళు లేరు. మూడు రోజులు జ్వరంతో పడుకున్నా అడిగినవాళ్ళు లేరు.

సాయంత్రం అంతా ముగిశాక, స్నానం చేసి వస్తూ ఊరిపెద్ద మా గుమ్మం ముందు ఆగాడు.

"ఏం పాపా, ఉద్యోగానికి పిలిచినారంట గదా. పోయొచ్చినావా?"

అమ్మే చెప్పింది. "చావు గదన్నా. కట్టుబాటని నేనే ఆపినా."

"కట్టుబాటు పడవలకు గదమ్మా! బస్సుక్కూడా ఏసినామా?" నవ్వాడు. "మా కోడలు ఆ బస్సుకే వెంకటాచలం పోయింది."

"పొద్దున ఒక్కరన్నా చెప్పకూడదా అన్నా?"

"మీరు అడిగితే గదా!"

అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూడలేదు.

తెల్లారి పడవలు వేటకు పోయాయి. నేను ఆఫీసుకు ఫోన్ చేశాను. చెప్పాల్సినదంతా ముందే కాగితం మీద రాసుకున్నాను, చావు సంగతితో సహా. "ఆ పోస్టు నిన్ననే భర్తీ అయిపోయిందండీ" అన్నారు, ఎంతో మర్యాదగా.

ఎందుకు రాలేదని మాత్రం అడగలేదు.